చెవి కారడం ఆగి తలనొప్పి మొదలైతే...



మా ఓ.పి.కి చెవి కారుతున్నదని చెప్పుకోవడానికే వచ్చేవారు చాలా తక్కువ. జ్వరానికి వస్తారు, షుగరు చూపించుకోవడానికి వస్తారు, కూతుర్ని కాన్పుకు తీసుకువస్తారు. చీటీ రాస్తూ, పక్కన నిలబడ్డ పిల్లవాడి చెవిలో దూది చూసి "ఇదేమిటమ్మా?" అని అడిగితే, "అదా, చిన్నప్పటినుంచీ కారుతూనే ఉందండీ సిస్టరుగారూ, అది మామూలే" అంటారు. ఈ "మామూలే" అన్న మాట గురించే ఈసారి రాస్తున్నాము.

నిజమే, కారే చెవుల్లో ఎక్కువ భాగం ప్రాణం మీదికి తీసుకురావు. వినికిడి తగ్గుతుంది. బడిలో పిల్లవాడు వెనకబడతాడు, మాస్టారు మొద్దు అనుకుంటాడు. అదీ చిన్న నష్టం కాదు. కాని కొన్ని చెవులు అక్కడితో ఊరుకోవు. లోపలి చీము బయటికి రావడం మాని, ఎముకను తినుకుంటూ మెదడు వైపు దారి చేసుకుంటుంది. అటువంటి రోగిని మొదటి రోజున తెస్తే ఒక తీరు, పదో రోజున తెస్తే మరొక తీరు. ఆ మొదటి రోజును ఇంట్లో ఎలా గుర్తుపట్టాలి, ఆసుపత్రిలో ఏమి చేస్తారు, ఎందుకు చేస్తారు అన్నది ఇంటివారికి తెలిసి ఉండాలని మా కోరిక.

ఉమ్మడి గోడల గది

చెవి రంధ్రం చివర సన్నని పొర ఉంటుంది. అదే కర్ణభేరి. దాని వెనక ఉన్న చిన్న గదిని మధ్య చెవి అంటారు. అందులో మూడు బుల్లి ఎముకలు గొలుసులాగా అమరి శబ్దాన్ని లోపలికి అందిస్తాయి. చివరి ఎముక మన శరీరం మొత్తంలో అన్నిటికంటె చిన్నది, సుమారు 3 మిల్లీమీటర్లు. ఈ గది నుంచి ముక్కు వెనక భాగానికి ఒక గొట్టం పోతుంది. పసిపిల్లల్లో ఆ గొట్టం పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. అందుకే వారికి జలుబు చేస్తే క్రిములు తేలికగా చెవిలోకి ఎక్కుతాయి.

గది చిన్నదే గాని ఇరుగుపొరుగు పెద్దవారు. వరస ఇళ్ళకు ఉమ్మడి గోడలు ఉన్నట్టు దీనికీ ఉన్నాయి. కప్పు మీద మెదడు. మధ్యలో ఉన్నది పలుచని ఎముక రేకు మాత్రమే. వెనక వైపు మాస్టాయిడ్ ఎముక, అంటే చెవి వెనక తడిమితే గట్టిగా తగిలేది. లోపల అది తేనెపట్టులాగా గాలి అరలతో ఉంటుంది. దాని వెనక మెదడు నుంచి రక్తాన్ని కిందికి దింపే పెద్ద సిర, ఇంకా వెనక చిన్న మెదడు. లోపలి గోడకు అవతల వినికిడినీ, మనిషి తూలకుండా నిలబడడాన్నీ చూసే లోపలి చెవి. ఇక ముఖాన్ని కదిలించే నరం ఈ గది గోడలోంచే, సన్నని ఎముక గొట్టంలో పోతుంది. ఏ గోడ పాడైతే ఆ పక్కింటివారికి కష్టం. ఇది ఒక్కటి మనసులో ఉంచుకుంటే కింద రాసిన లక్షణాలన్నీ తేలికగా అర్థమవుతాయి.

ఏ చెవి భయం లేనిది, ఏది భయపడవలసినది

జలుబు చేసిన పిల్లవాడు అర్ధరాత్రి లేచి చెవి పట్టుకుని ఏడుస్తాడు, ఒళ్ళు కాలుతుంది. పొర పగిలి చీము కారగానే నొప్పి తగ్గి నిద్రపోతాడు. ఇది కొత్తగా వచ్చిన చెవిపోటు. సరైన మందులతో చాలామందికి కొద్ది రోజులలో తగ్గి పొర తిరిగి మూసుకుంటుంది. అరుదుగా దీనిలోనూ, ముఖ్యంగా రెండేళ్ళలోపు పిల్లలకు, కొద్ది రోజుల్లోనే చెవి వెనక వాచిపోవచ్చు.

రెండు వారాలు దాటినా కారుతూనే ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని దీర్ఘకాలిక చీము చెవిగా లెక్కిస్తుంది. 2004లో ఆ సంస్థ ప్రచురించిన నివేదికలో ఇటువంటి చెవులు గలవారు ప్రపంచంలో 6.5 కోట్ల నుంచి 33 కోట్ల వరకు ఉంటారని, వారిలో 60 శాతం మందికి చెప్పుకోదగ్గ వినికిడి లోపం ఉన్నదని రాశారు. ఈ జబ్బు బాగా ఎక్కువగా ఉన్న దేశాల వరసలో మన దేశాన్ని చేర్చారు.

ఈ పాత చెవుల్లో మళ్ళీ రెండు తరహాలు ఉన్నాయి. ఒకదానిలో జిగటగా, పెద్దగా వాసన లేకుండా, జలుబు చేసినప్పుడు ఎక్కువగా కారుతుంది. పొరకు నడుమ రంధ్రం ఉంటుంది. దీనికి భయం తక్కువ. రెండవదానిలో కారేది కొంచెమే, కాని దుర్వాసన. పక్కన కూర్చుంటే తెలిసిపోతుంది. అప్పుడప్పుడు రక్తపు చార కనిపిస్తుంది. పొర పైఅంచున రంధ్రం పడి, లేదా పొర లోపలికి గుంజుకుపోయి, అక్కడ చర్మం పొరలు పొరలుగా పేరుకుపోతుంది. దీన్ని కొలెస్టియాటోమా అంటారు. ఇది క్యాన్సర్ కాదు. అయినా తన చుట్టూ ఉన్న ఎముకను నెమ్మదిగా కరిగించుకుంటూ పోతుంది. చుక్కల మందు దీన్ని కరిగించలేదు, మాత్రలు కరిగించలేవు. ఆపరేషను చేసి తీసివేయవలసిందే.

ఆడపిల్లల విషయంలో ఒక మాట చెప్పాలి. ఈ వాసన సంగతి బయటికి పొక్కితే సంబంధాలు రావని తల్లులు దాచిపెడతారు. జడ చెవి మీదికి వేసి, పూలు పెట్టి, పెళ్ళయ్యాక చూపిద్దాంలే అంటారు. పెళ్ళయ్యాక అత్తవారికి చెప్పడానికి భయం. అలా పదేళ్ళు గడిచి మా దగ్గరికి వచ్చినవారు ఉన్నారు. ఆ పదేళ్ళలో లోపలి చిన్న ఎముకలు మాయమై ఉంటాయి.

ఇంట్లో కనిపెట్టవలసినవి

ఏళ్ళ తరబడి కారే చెవి ఒక్కసారిగా ఆగిపోతే ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. చెవి ఆరిపోయి, పిల్ల హాయిగా తిరుగుతూ ఉంటే మంచిదే. కాని కారడం ఆగిన కొద్ది రోజులలో చెవినొప్పి గాని, తలనొప్పి గాని, జ్వరం గాని మొదలైతే అది నయం కావడం కాదు. చీము బయటి దారి మూసుకుని లోపలి దారి పట్టిందని అనుమానించాలి. మాకు ఈ వ్యాసంలో అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ఇదే. తలనొప్పికి మాత్ర వేసి రెండు రోజులు చూద్దాం అనుకోవద్దు. ఆ రోజే తీసుకురండి.

చెవి వెనక ఎర్రగా వాచి, ముట్టుకుంటే పిల్లవాడు ఏడుస్తూ, చెవి డొప్ప ముందుకీ కిందికీ తోసినట్టు నిలబడితే మాస్టాయిడ్ ఎముకలో చీము పట్టిందని అర్థం. పిల్లవాణ్ణి వెనకనుంచి చూడండి. రెండు చెవులూ ఒకేలా ఉండవు. కొందరిలో చీము ఇంకా కిందికి దిగి మెడ మీద గడ్డలాగా వస్తుంది. దాన్ని గవదబిళ్ళలనుకుని పట్టు వేస్తారు.

మూతి ఒక పక్కకు వంకరపోయి, ఒక కన్ను మూతపడకపోతే పక్షవాతమని పసరు మందుకు పరిగెడతారు. ముందు ఆ పక్క చెవి చూడాలి. కారే చెవి ఉన్నవారికి మూతి వంకరపోతే చాలావరకు అది చెవి చేసిన పనే.

కళ్ళు తిరిగి, గది అంతా గిర్రున తిరిగినట్టు ఉండి, వాంతులు అయ్యి, ఉన్న వినికిడి కూడా పోతే లోపలి చెవికి పాకినట్టు.

జ్వరం, తీవ్రమైన తలనొప్పి, వెలుతురు చూడలేకపోవడం, గడ్డం ఛాతీకి ఆనించలేకపోవడం మెదడు పొరల వాపుకు గుర్తులు. పసిపిల్లలు మెడ బిగిసిందని చెప్పలేరు. వారు పాలు తాగరు, ఎత్తుకుంటే ఇంకా ఏడుస్తారు, నడినెత్తి మాడు ఉబ్బుతుంది.

ఇక చలిజ్వరం. రోజూ వణుకు పుట్టి, జ్వరం బాగా ఎక్కి, చెమట పట్టి దిగుతుంది. మళ్ళీ మర్నాడు అదే. అందరూ మలేరియా అంటారు. రక్తపరీక్షలో మలేరియా లేదని వచ్చినా మందు వేస్తూనే ఉంటారు. చెవి వెనక ఉన్న పెద్ద సిరలో రక్తం గడ్డకట్టి, అందులో చీము చేరినా జ్వరం ఇలాగే ఎక్కి దిగుతుంది. ఈ సంగతిని మాకు పట్టి ఇచ్చేది వార్డులో గంటగంటకూ రాసే జ్వరం చార్టు. కొత్తగా చేరిన నర్సింగ్ అమ్మాయిలు చార్టు రాయడం విసుగు పని అనుకుంటారు. వారికి మేము చూపించేది ఇటువంటి చార్టులనే.

మెదడులో చీముగడ్డ అన్నిటికంటె మోసకారి. మొదట తలనొప్పి, జ్వరం వస్తాయి. తరవాత కొన్నాళ్ళు తగ్గినట్టే ఉంటుంది. ఆ తగ్గినన్నాళ్ళలో గడ్డ గోడ కట్టుకుంటూ పెరుగుతుంది. ఆ పైన వాంతులు, మగత, ఫిట్స్.

ఒక అమ్మాయి సంగతి

పేరూ ఊరూ రాయడం లేదు. డెల్టా పల్లెటూరి నుంచి వచ్చిన 14 ఏళ్ళ అమ్మాయి, కుడిచేతి వాటం పిల్ల. మూడో ఏట నుంచి ఎడమ చెవి కారేది. ఆ సంవత్సరం వానాకాలంలో కారడం ఆగిపోయింది. తల్లి సంతోషించి, ప్రార్థన కూటములో సాక్ష్యం కూడా చెప్పిందట. వారం తిరక్కుండానే అమ్మాయికి తలనొప్పి, జ్వరం. ఊళ్ళో వైద్యం చేసే ఆయన మలేరియాకు ఇంజెక్షన్లు చేశాడు. తగ్గింది. పది రోజులు బడికి కూడా వెళ్ళింది. తరవాత మళ్ళీ తలనొప్పి, తెల్లవారుజామున వాంతులు. పైత్యమని గ్యాసు మాత్రలు ఇచ్చాడు. చివరికి అమ్మాయి ఎప్పుడూ మగతగా పడుకుని ఉంటున్నదని మా దగ్గరికి తీసుకువచ్చారు.

నడిచే వచ్చింది. ఒళ్ళు చల్లగా ఉంది. డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సు నాడి లెక్కపెడితే 54. ఆ వయసు పిల్లకు, అందులోనూ ఆసుపత్రికి వచ్చి భయపడుతున్న పిల్లకు, అంత నెమ్మదిగా ఉండకూడదు. నర్సు మళ్ళీ నిమిషం పూర్తిగా లెక్కపెట్టింది. అంతే ఉంది. తలలో ఒత్తిడి పెరిగినప్పుడు నాడి ఇలా నెమ్మదిస్తుందని మాకు చదువుకునే రోజుల్లోనే నేర్పుతారు. వెంటనే డాక్టరుగారిని పిలిచింది.

డాక్టరుగారు జేబులోని పెన్ను చూపించి "ఇదేమిటమ్మా?" అని అడిగారు. "రాసుకునేది" అంది అమ్మాయి. గడియారం చూపిస్తే "టైము చూసేది". తాళంచెవి చూపిస్తే చేత్తో తిప్పి చూపించింది గాని పేరు రాలేదు. వాడుక అన్నీ తెలుసు, పేర్లే రావడం లేదు. తల్లి "పెద్దవాళ్ళతో ఏమిటే ఆ వేళాకోళం?" అని కసిరింది. పాపం, ఇంట్లో కూడా రెండు మూడు రోజులుగా అలాగే మాట్లాడుతుంటే పెంకితనం అనుకున్నారు. మాటల పేర్లు ఉండే చోటు చాలామందికి మెదడు ఎడమ పక్కన, సరిగ్గా చెవి పైభాగంలో ఉంటుంది.

సి.టి. స్కాన్‌లో ఆ చోటనే చీముగడ్డ కనిపించింది. మొదటి మోతాదు ఇంజెక్షన్లు ఇక్కడే ఇచ్చి, మెదడు ఆపరేషన్లు చేసే పెద్ద ఆసుపత్రికి మా నర్సును తోడిచ్చి అంబులెన్సులో పంపాము. అక్కడ పుర్రెకు చిన్న రంధ్రం వేసి చీము తీశారు. కొన్నాళ్ళకు చెవి ఆపరేషను చేసి కొలెస్టియాటోమా తీసివేశారు. ఇంజెక్షన్లు ఆరు వారాలు నడిచాయి. ఫిట్స్ రాకుండా మాత్రలు ఇంకా చాలాకాలం వాడింది. ఆ చెవి వినికిడి అంతంతమాత్రం. పేర్లు మాత్రం ఒక్కొక్కటిగా తిరిగి వచ్చాయి. ఆ మరుసటి సంవత్సరం పదో తరగతి పరీక్ష రాసింది.

ఆసుపత్రిలో ఎలా కనిపెడతారు

ముందు చెవి శుభ్రం చేసి చూడాలి. చీము నిండి ఉంటే లోపల ఏముందో తెలియదు. చూషణ యంత్రంతో చీము తీసి, మైక్రోస్కోపు కింద పొర పైఅంచు వరకు చూస్తారు. ఆ చీమును కల్చరు పరీక్షకు పంపిస్తారు. వచ్చేముందు చెవిలో పసుపు, పౌడరు, నూనె వంటివి వేయవద్దనేది ఇందుకే. క్రిమి ఏదో, దానికి ఏ మందు పనిచేస్తుందో తెలియడానికి ఆ చీమే ఆధారం. పాత చెవుల్లో ఉండే సూడోమోనాస్ అనే క్రిమి మామూలు మాత్రలకు లొంగదు.

ట్యూనింగ్ ఫోర్కు మోగించి చెవి దగ్గర, నుదుటి మీద పెట్టి వినికిడి చూస్తారు. కళ్ళలోకి లైటు వేసి వెనక పొర వాచిందా అని చూస్తారు. తలలో ఒత్తిడి అక్కడ కనబడుతుంది. మెడ వంచి చూస్తారు. వేలితో ముక్కు తాకమంటారు, గీత మీద నడవమంటారు. చిన్న మెదడులో గడ్డ ఉంటే ఆ పని సరిగా చేయలేరు. "చెవికి చూపిద్దామని వస్తే నడిపిస్తున్నారేమిటి?" అని ఒకాయన మమ్మల్ని నిలదీశారు కూడా.

ప్రమాద లక్షణాలు ఉంటే స్కానింగ్ తప్పదు. చెవి ఎముకకు ప్రత్యేకంగా తీసే సి.టి.లో ఏ గోడ కరిగిందో తెలుస్తుంది. రక్తనాళంలోకి మందు ఎక్కించి తీసే సి.టి.లో చీముగడ్డ ఉంగరంలాగా మెరుస్తుంది. సిరలో గడ్డ ఉన్నదీ లేనిదీ ఎం.ఆర్.ఐ.లో ఇంకా బాగా తెలుస్తుంది. స్కాను ఖర్చు చూసి, మందులు వాడి చూద్దామని వాయిదా వేస్తారు. మిగతా వాటికి అలా అంటే మేము వాదించము. మగత, వాంతులు, మెడ బిగుసుకోవడం ఉన్నప్పుడు మాత్రం వాదిస్తాము.

మెదడు పొరల వాపు అనుమానం ఉంటే వెన్నులోంచి నీరు తీసి పరీక్షిస్తారు. "వెన్నులో సూది వేస్తే కాళ్ళు పడిపోతాయట గదా" అని ప్రతి కుటుంబం అడుగుతుంది. వెన్నుపాము ఎక్కడ ముగుస్తుందో దాని కంటె కిందనే ఆ సూది వేస్తారు. అక్కడ ఉండేది నీరు, విడివిడిగా తేలే నరాలు. చెవి జబ్బున్నవారికి అవసరమైతే ముందు స్కాను తీసి, చీముగడ్డ ఒత్తిడి లేదని చూసుకున్నాకే నీరు తీస్తారు. స్కానుకు ఆలస్యమయ్యేట్టు ఉంటే పరీక్ష కోసం మందు ఆపరు. ఇంజెక్షను ముందు పడుతుంది.

చికిత్స సంగతి

మందు రక్తనాళం ద్వారానే ఇవ్వాలి, ఎక్కువ మోతాదులో ఇవ్వాలి. సెఫ్ట్రియాక్సోన్, మెట్రోనిడజోల్, అవసరమైతే వాంకోమైసిన్ వంటివి కలిపి మొదలుపెట్టి, కల్చరు వచ్చాక మారుస్తారు. తలలో ఒత్తిడికి మానిటాల్, మెదడు పొరల వాపులో కొందరికి స్టిరాయిడ్ ఇస్తారు. తలవైపు మంచం ఎత్తి పెడతాము. గంటగంటకూ రోగిని లేపి పేరు అడుగుతాము, టార్చి వేసి కనుపాపలు చూస్తాము. "పిల్లను కాసేపు నిద్రపోనివ్వరా?" అని అమ్మమ్మలు మామీద కోప్పడతారు. ఆ నిద్ర మామూలు నిద్రో, మగతో తెలుసుకోవడానికే లేపుతున్నామమ్మా.

మాస్టాయిడ్‌లో చీము ఉంటే, చెవి వెనక గడ్డ కడితే, చీము తీసి ఆ తేనెపట్టు అరలను తొలిచి శుభ్రం చేస్తారు. కొత్త చెవిపోటులో వచ్చిన మూతి వంకరకు పొరకు చిన్న గంటు పెట్టి చీము వదిలితే, మందులతో చాలావరకు కోలుకుంటుంది. కొలెస్టియాటోమా వల్ల వస్తే త్వరగా ఆపరేషను చేసి నరం మీద ఒత్తిడి తీయాలి. ఈలోగా మూతపడని కంటికి చుక్కలు వేసి, రాత్రిళ్ళు ప్లాస్టరు అంటించి కాపాడాలి. దీన్ని మరచిపోతే మూతి బాగుపడ్డాక కన్ను పోయిందన్నట్టు అవుతుంది.

మెదడులో గడ్డ ఉన్నప్పుడు ముందు ప్రాణం, తరవాత చెవి. న్యూరో సర్జనుగారు చీము తీస్తారు. రోగి స్థితిని బట్టి అదే పూటగాని, కుదుటపడ్డాకగాని చెవి డాక్టరుగారు ఆపరేషను చేస్తారు. చెవిలోని మూలం తీయకపోతే గడ్డ మళ్ళీ వస్తుంది. తలలోది తీశారు గదా, చెవి ఆపరేషను ఎందుకని డిశ్చార్జి అడిగేవారు ఉన్నారు. జ్వరం పోయిన వారానికే ఇంజెక్షన్లు ఇక చాలని వెళ్ళిపోయేవారు ఇంకా ఎక్కువ. మెదడు గడ్డకు మందులు వారాల తరబడి, సాధారణంగా ఆరు వారాల వరకు నడవాలి. పంటకోతలు ఉన్నా, పండుగ ఉన్నా నడవాలి.

మెదడు పొరల వాపు నుంచి కోలుకున్న పిల్లలకు ఇంటికి వెళ్ళేముందే, కుదరకపోతే కొద్ది వారాలలోనే వినికిడి పరీక్ష చేయించండి. కొందరిలో వినికిడి పూర్తిగా పోతుంది. లోపలి చెవి ఎముకలాగా గట్టిపడిపోకముందే కాక్లియర్ ఇంప్లాంట్ సంగతి తేల్చుకోవాలి.

డబ్బు మాట. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ ఉన్నాయి. మీ జబ్బుకు ఏ ఆపరేషను వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. కార్డు ఇంట్లో మరచిపోయి రోజు పోగొట్టుకోవద్దు.

వెనకటి రోజులలో

ఈ జబ్బు ధనికులనూ వదలలేదు. ఐర్లండుకు చెందిన రచయిత ఆస్కార్ వైల్డ్ 46 ఏళ్ళ వయసులో, 1900 నవంబర్ 30న పారిస్‌లో మెదడు పొరల వాపుతో చనిపోయాడు. అంతకు ఏడు వారాల ముందు హోటలు గదిలోనే ఆయన చెవికి ఆపరేషను జరిగింది. పాత చెవి జబ్బే మెదడుకు పాకిందని 2000లో లాన్సెట్ వైద్యపత్రికలో డాక్టర్లు వివరించారు. విచిత్రమేమంటే ఆయన తండ్రి విలియం వైల్డ్ డబ్లిన్‌లో పేరుపొందిన చెవి వైద్యుడు. చెవి వెనక చీము వదలడానికి పెట్టే గంటుకు ఆ తండ్రి పేరే ఉంది.

మాస్టాయిడ్ ఎముకను తొలిచి శుభ్రం చేసే ఆపరేషనును 1873లో జర్మనీలోని హాలె పట్టణంలో ష్వార్ట్జె అనే డాక్టరు పద్ధతిగా వివరించాడు. 1893లో గ్లాస్గోలో విలియం మెక్‌ఎవెన్ తాను మెదడు చీముగడ్డకు ఆపరేషను చేసిన 19 మందిలో 18 మంది బ్రతికారని రాశాడు. అప్పటికి పెన్సిలిన్ లేదు, స్కానింగ్ లేదు. రోగిని దగ్గర కూర్చుని చూసి, నాడి పట్టుకుని, గడ్డ ఎక్కడుందో పోల్చుకున్నాడు. నర్సులుగా మాకు ఆయనంటే గౌరవం అందుకే.

చెవిలో పోయకూడనివి

వెల్లుల్లి కాచిన నూనె, ఆకు పసర్లు, తల్లిపాలు, హైడ్రోజన్ పెరాక్సైడ్, ఇవేవీ కారే చెవిలో పోయవద్దు. కోడి ఈక, అగ్గిపుల్ల, పిన్నీసు పెట్టవద్దు. తిరునాళ్ళలో చెవి గులిమి తీసేవారికి చెవి అప్పగించవద్దు. కారే చెవిలోకి మురికి చేరితే ధనుర్వాతం కూడా రావచ్చు. కాలికి మేకు గుచ్చుకుంటేనే వస్తుందనుకుంటారు. దవడ బిగుసుకుని వచ్చిన పిల్లవాడికి ఒంటిమీద ఎక్కడా గాయం కనిపించకపోతే మేము చెవి చూస్తాము.

షాపులో అడిగి తెచ్చుకున్న చుక్కల మందుల్లో జెంటామైసిన్ వంటిది ఉండవచ్చు. పొరకు రంధ్రం ఉంటే అది లోపలి చెవి వినికిడిని చెడగొట్టవచ్చు. డాక్టరుగారు రాసిన చుక్కలే వేయండి. వేసేముందు శుభ్రమైన మెత్తని గుడ్డను వత్తిలాగా చుట్టి చెవి ఆరేదాకా తుడవండి. చీము మీద వేసిన చుక్క లోపలికి పోదు.

పసిబిడ్డకు పాలిచ్చేటప్పుడు తల కొంచెం ఎత్తుగా పెట్టుకోండి. పడుకోబెట్టి సీసా నోట్లో పెట్టవద్దు. కట్టెల పొయ్యి పొగ, బీడీ పొగ ఉన్న ఇళ్ళలో పిల్లలకు చెవిపోట్లు ఎక్కువ. న్యుమోకోకల్ టీకా మన దేశంలో 2017లో కొన్ని రాష్ట్రాలలో మొదలై, 2021లో దేశమంతటా ఉచిత టీకాలలో చేరింది. ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిదో నెలలో వేస్తారు. చెవిపోటు తెచ్చే ముఖ్యమైన క్రిములలో ఒకదాని నుంచి, దాని వల్ల వచ్చే మెదడు పొరల వాపు నుంచి ఇది కాపాడుతుంది. తొమ్మిదో నెలది చాలామంది తప్పిస్తున్నారు.

ఆపరేషను అయినవారికి

కుట్లు తీశాక పని అయిపోయిందనుకోవద్దు. కొలెస్టియాటోమా తీసిన చెవిలో కొందరికి లోపల కొంచెం పెద్ద గుంట మిగులుతుంది. అందులో మట్టి పేరుకుంటుంది, అది తనంతట తాను బయటికి రాదు. డాక్టరుగారు చెప్పిన గడువుకు వచ్చి శుభ్రం చేయించుకోవాలి. మొదట్లో తరచుగా, తరవాత ఆరు నెలలకో సంవత్సరానికో ఒకసారి. జబ్బు మళ్ళీ తలెత్తే వీలున్నది కాబట్టి ఏళ్ళ తరబడి చూపించుకుంటూ ఉండాలి.

తలస్నానానికి ముందు దూదికి వాజలైను రాసి చెవిలో పెట్టుకోండి. చెరువులో, కాలువలో ఈత వద్దు. ఏటిలో బాప్తిస్మము తీసుకోవచ్చా అని ఆపరేషను అయిన ఒక అబ్బాయి మమ్మల్ని అడిగాడు. డాక్టరుగారు గాయం పూర్తిగా మానేదాకా ఆగమన్నారు. ఆ తరవాత వాజలైను దూది గట్టిగా పెట్టి, దానిమీద ప్లాస్టరు వేసి, మా నర్సులే దగ్గరుండి పంపించారు. చెవి తడవలేదు.

మళ్ళీ వచ్చేటప్పుడు పాత చీటీలు, స్కాను ఫిల్ములు, వినికిడి పరీక్ష కాగితాలు ఒకే సంచిలో పెట్టి తీసుకురండి. ఫిల్ములు మడత పెట్టవద్దు, బియ్యం డబ్బా కింద దాచవద్దు.